గరికమ్మ దాగుడు పాఠాలు

చాలా పెద్ద అడవి అది. అందులో వాగులున్నాయి, గుట్టలున్నాయి, నిలువెత్తు గడ్డి పెరిగే మైదానం ఉంది. లేనిదల్లా బడి ఒక్కటే. అది లేదన్న సంగతి కొండముచ్చు దీర్ఘవాలుడు వచ్చి చెప్పేదాకా ఎవరికీ తెలియదు.

తెలిశాక ఎవరికీ మనసు మనసులో లేదు.

"మీ అబ్బాయి చెట్టెక్కుతాడా అమ్మా?" అని ఎలుగుబంటిని అడిగాడు కొండముచ్చు.

"ఎందుకెక్కడు బాబూ? నడక వచ్చినప్పట్నుంచీ ఎక్కుతూనే ఉన్నాడు."

"ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారు? వాడే ఎక్కాడు."

"అదే నా బాధ," అన్నాడు కొండముచ్చు తల పట్టుకుని. "ఎవరూ నేర్పకుండా వచ్చిన విద్యను నమ్ముకుని ఎంత ఎత్తుకని ఎక్కిస్తారమ్మా పిల్లవాణ్ణి?"

ఆ పూట ఎలుగుబంటి కొడుకును చెట్టు దింపేసింది. సాయంత్రానికల్లా బడిలో చేర్పించింది.

బడి అంటే గోడలూ కప్పూ ఏమీ లేవు. ఆ అడవినిండా బోలుతీగ ఒకటి అల్లుకుని ఉంది. దాని ఒక కొసనున్న పువ్వులో మాట్లాడితే రెండో కొసనున్న పువ్వులో వినిపిస్తుంది. అంతదాకా పిల్లలు దాంతో ఆడుకునేవాళ్ళు. కొండముచ్చు ఆ తీగలన్నిటినీ లాక్కొచ్చి నడి అడవిలో ఒక మద్దిచెట్టు దగ్గర కలిపి, తీగబడి అని పేరు పెట్టాడు. పంతులు పంతులింట్లో కూర్చుంటాడు. పిల్ల పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. ఒక పాఠానికి ఒక పంతులు, ఒక పిల్ల. "మీ బిడ్డ ఒక్కడికే ఒక గురువు" అని కోతులు కొమ్మకొమ్మకీ వెళ్ళి అరిచి వచ్చాయి.

పిల్లలు చేరారు. పంతుళ్ళు కావలసివచ్చారు.

మైదానం అంచున గరికమ్మ అనే కౌజుపిట్ట గుడ్ల మీద కూర్చుని ఉంది. కౌజులకు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. పాడితే వినేవాళ్ళు లేరు, ఎగిరితే నాలుగు బారలు. వాటికి వచ్చిందల్లా దాక్కోవడం. అందులో గరికమ్మ చెయ్యి తిరిగినది. మొగుడు కంకయ్య మేతకు వెళ్ళి తిరిగొచ్చి, సొంత గూడు కనిపించక చుట్టూ తిరుగుతూ "ఏమేవ్, ఎక్కడున్నావే" అని పిలిచిన రోజులు చాలానే ఉన్నాయి.

తీగబడి తరఫున సుభాషిణి అనే గోరింక వచ్చింది. పంతుళ్ళను కుదర్చడం, వాళ్ళ పాఠాలు చాటుగా విని సరిదిద్దడం ఆమె పని.

"ఇంట్లో కూర్చునే ఉద్యోగం గరికమ్మగారూ. గుడ్ల మీంచి లేవక్కర్లేదు. మీ గింజలు మీ గూటికే వస్తాయి. దాక్కోవడం నేర్పితే చాలు," అంది.

"దాక్కోవడం ఒకరు నేర్పేదేవిటమ్మా?" అన్నాడు కంకయ్య. "భయమేస్తే అదే వస్తుంది."

"భయం అందరికీ వేస్తుందండీ. ఒక పద్ధతి ప్రకారం వెయ్యొద్దూ?"

సుభాషిణి నియమాలు చెప్పింది. పిల్లల జాతి అడగకూడదు, పంతుళ్ళ జాతి చెప్పకూడదు. తీగబడిలో అందరూ సమానం. అందుకని ప్రతి పిల్లకూ ఒక పువ్వు పేరు ఉంటుంది. పాఠం అయ్యాక పిల్ల తనవైపు తీగను దులుపుతుంది. మద్దిచెట్టు దగ్గర ఆకులు రాలతాయి. అయిదాకులు రాలితే పంతులు గొప్పవాడు. తగ్గితే గింజలు తగ్గుతాయి.

గరికమ్మకు ఆ సమానం అన్న మాట బాగా నచ్చింది. కౌజుపిట్టను ఎవరితోనైనా సమానం అనడం ఆమె అదే మొదటిసారి వినడం.

మర్నాడే కోతులు వచ్చి ఒక తీగను గడ్డిదుబ్బు దాకా లాగి, పువ్వును ఆమె ముక్కుకు అందేలా వంచి వెళ్ళాయి.

మొదటి విద్యార్థి పేరు గన్నేరు.

"గన్నేరూ, పైన డేగ నీడ కనిపించింది. అప్పుడేం చేస్తావు?"

"పరుగెత్తుతాను."

వెనకనుంచి తల్లి గొంతు వినిపించింది. "కదలనని చెప్పు."

"కదలను టీచర్."

"శభాష్. ఎంతసేపు కదలవు?"

"చాలాసేపని చెప్పు."

"చాలాసేపని చెప్పమంటోంది టీచర్."

తంగేడు అని ఇంకొకడు. వాడు పాఠం సగంలో ఉండగా ఆవలించేవాడు, మిగతా సగం ఏదో నములుతూ వినేవాడు. "అర్థమైందా" అంటే "ఊఁ" అనేవాడు. తీగ దులపమంటే బద్ధకంగా ఒక్కసారి దులిపి ఊరుకునేవాడు.

ఇలాంటి వాళ్ళ మధ్య ఉమ్మెత్త దొరికాడు.

"టీచర్, దట్టమైన పొద పక్కనే ఉండగా బోడినేల మీద ఎందుకు దాక్కోవాలి?" అని అడిగాడు రెండో పాఠంలోనే.

గరికమ్మకు గుడ్ల మీద కూర్చున్నానన్న సంగతి కూడా గుర్తులేనంత సంతోషం కలిగింది. "దట్టమైన పొదను చూడగానే దాక్కునేవాడికి ఏం తోస్తుందో వెతికేవాడికీ అదే తోస్తుంది నాన్నా. అందుకని వాడు ముందు అక్కడికే వస్తాడు. గులకరాళ్ళు పరుచుకున్న చోట రాయిలా ఉన్నదాని మీదికి వాడి చూపు పోదు."

"అయితే వెతికేవాడు ఏమనుకుంటాడో ముందు తెలుసుకోవాలన్నమాట."

"అంతే. దాక్కోవడమంటే ఎవడి బుర్రలోనో దూరి కూర్చోవడం."

ఉమ్మెత్త కాసేపు ఆలోచించాడు. "దీన్ని తిరగేసినా పనికొస్తుంది కదా టీచర్?"

"ఏ విద్యయినా తిరగేస్తేనే బాగా వచ్చినట్టు," అంది గరికమ్మ మురిసిపోతూ.

ఆ రోజు అయిదాకులూ రాలాయి. ఆ తర్వాత కూడా ఉమ్మెత్త ఎప్పుడూ అయిదుకు తగ్గలేదు. పాఠం అయిపోయాక కూడా వదిలేవాడు కాదు. వాన పడితే వాసన ఏమవుతుంది, గుడ్ల మీద కూర్చున్న పక్షికి వాసన తగ్గుతుందంటారు నిజమేనా, పిల్లలు గుడ్డులోంచి వచ్చాక అక్కడే ఉంటారా వెళ్ళిపోతారా అని అడిగేవాడు. గరికమ్మ ఓపిగ్గా అన్నీ చెప్పింది. తగ్గుతుంది నాన్నా, అందుకే ముక్కును నమ్ముకున్నవాడు పక్కనుంచే వెళ్ళిపోతాడు. పిల్లలు బయటికొచ్చిన పూటే ఆ చోటు వదిలెయ్యాలి నాన్నా, పెంకుల వాసన దాగదు.

"వాళ్ళమ్మ కూడా పక్కన కూర్చుని వింటుందట," అని కంకయ్యతో చెప్పింది. "గన్నేరు తల్లిలా కాదు, ఒక్కసారైనా మధ్యలో నోరు పెట్టలేదు. పెంపకమంటే అలా ఉండాలి."

"అన్ని ప్రశ్నలెందుకే వాడికి?" అన్నాడు కంకయ్య.

"నీకు ఒక్కటీ రాలేదు కాబట్టి అలా అంటున్నావు."

ఒకరోజు సుభాషిణి గొంతు తీగలో వినిపించింది. పాఠాలు చాటుగా విన్నదట.

"బాగా చెబుతున్నారు గరికమ్మగారూ. ఒక చిన్న సూచన. మీ పాఠాల్లో డేగ, నక్క, చిరుతపులి అన్న మాటలు ఎక్కువగా వస్తున్నాయి. కొన్ని కుటుంబాలు నొచ్చుకుంటున్నాయి."

"ఏ కుటుంబాలమ్మా?"

"అడగకూడదు కదండీ. ఇకమీదట డేగ అనకుండా పై అతిథి అనండి. నక్కను నేల అతిథి అనండి. చిరుత అని అసలు వద్దు, మచ్చల అతిథి అంటే సరిపోతుంది."

"అతిథి వస్తే పిల్లలు ఎదురెళ్తారు గాని దాక్కుంటారా?"

"అందుకే కదా మిమ్మల్ని పెట్టుకున్నాం," అంది సుభాషిణి.

మర్నాటి పాఠంలో గరికమ్మ, "గన్నేరూ, నేల అతిథి వస్తున్నారు, ఏం చేస్తావు?" అని అడిగింది. గన్నేరు తల్లి కూడా ఏమీ అందించలేకపోయింది. ఆకులు మాత్రం ముందుకంటే ఎక్కువ రాలాయి. తంగేడు సైతం నాలుగు రాల్చాడు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం కంకయ్య మేత మధ్యలోనే తిరిగొచ్చాడు.

"గట్టుమీది తీతువు వాళ్ళ గుడ్లు పోయాయే," అన్నాడు. "ఒక్కటి కూడా మిగల్లేదు."

గరికమ్మ నమ్మలేదు. తీతువులు బోడినేల మీద గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడతాయి. చూసినవాడు చూసినట్టే దాటిపోతాడు. తాతల నాటి నుంచి అక్కడ ఎవరూ వెతకలేదు.

"చుట్టూ పొదలున్నాయి కదా. ముందు వాటిని వెతికి ఉంటారు."

"పొదల వంక చూడనే లేదట. నక్క నేరుగా రాళ్ళ మధ్యకు వచ్చి ఆగిందట. తీతువు చూసింది. 'బడికి పోయి నేర్చుకున్నదానిలా వచ్చింది' అని ఏడుస్తోంది పాపం."

గరికమ్మ గుడ్ల మీద ఇంకాస్త వొదిగి కూర్చుంది. రాళ్ళ మధ్య రాయిలా ఉండాలన్న పాఠం ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. ఆ మాటలు చెబుతున్నప్పుడు తను ఎంత సంతోషపడిందో కూడా గుర్తొచ్చింది.

ఆమె పువ్వులోకి వంగి, దీర్ఘవాలుడితో మాట్లాడాలంది. చాలాసేపటికి ఆయన గొంతు వినిపించింది. మాట తియ్యగా, తొందరగా, ఎప్పుడూ ఇంకొకరితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

"చెప్పండి టీచర్ గారూ. మీ ఆకులు బాగున్నాయి. ఏ సబ్జెక్టు మీది?"

"దాక్కోవడం. అయ్యా, నా దగ్గర చదివేవాళ్ళలో వేటాడేవాళ్ళు ఉన్నారా?"

"జాతి అడగకూడదమ్మా. అది మన బడి గొప్పతనం."

"నేను జాతి అడగడం లేదు. నా పాఠం విని ఎవరో గుడ్లు తింటున్నారు."

"చూశారా, పాఠం జీవితంలో ఉపయోగపడుతోంది," అన్నాడు కొండముచ్చు. "దాక్కోవడాన్ని దాక్కునేవాళ్ళకే నేర్పితే సగం అడవికే నేర్పినట్టు అవుతుందమ్మా. పైగా వాళ్ళను నమ్ముకుని బడి నడపలేం. ఇవాళ చేరతారు, రేపు కనిపించరు. మొదలుపెట్టిన కోర్సు చివరిదాకా పూర్తిచేసేది వెతికేవాళ్ళే."

"నేను మానేస్తాను."

"మీ ఇష్టం. పూరేడుపిట్ట ఒకటి ఈ ఉద్యోగం కోసం రోజూ అడుగుతోంది. చిన్నపిల్ల, హుషారుగా ఉంది. అడగనివి కూడా చెప్పేస్తుంది."

గొంతు ఆగిపోయింది.

"తప్పు పాఠం చెప్పు," అన్నాడు కంకయ్య.

"ఎవరికి చెప్పను? గన్నేరు ఎవరో తెలియదు. తంగేడు ఎవరో తెలియదు. దాక్కోవలసిన పిల్లకు తప్పు చెబితే ఆ పిల్ల పోతుంది."

అది నిజమే. గరికమ్మ ఆ మధ్యాహ్నమంతా ఆలోచించింది. జాతి అడగకూడదు సరే, ఇంకేదైనా అడగవచ్చు కదా. ఆమె తనను తానే గమనించుకుంది. కళ్ళు మూసుకున్నా చెవులు మూతపడవు. గడ్డిపోచ కదిలితే ఒళ్ళు తెలుస్తుంది. గుడ్డులోంచి వచ్చినప్పట్నుంచీ అంతే.

మర్నాడు గన్నేరును అడిగింది. "నువ్వు నిద్రపోతున్నప్పుడు నీకేం వినిపిస్తుంది?"

ఈసారి తల్లి అందించలేదు. గన్నేరు తనే చెప్పాడు. "అన్నీ వినిపిస్తాయి టీచర్. ఆకు పడినా వినిపిస్తుంది. మా అమ్మకు నాకంటే ముందు వినిపిస్తుంది."

గరికమ్మ "నువ్వు బాగా చదువుతున్నావు నాన్నా," అని, ఆ రోజు తనకు తెలిసిన మంచి చోట్లన్నీ వాడికి చెప్పింది.

తంగేడును అడిగితే ఆవలించాడు. "నిద్రలో వినిపించేదేముంది? నేను నడుస్తుంటే మిగతావాళ్ళు లేస్తారు," అన్నాడు.

ఉమ్మెత్తను అడగడానికి ఆమెకు మనసొప్పలేదు. అడగకపోతే వీల్లేదు.

"నిద్రలోనా?" అన్నాడు ఉమ్మెత్త. అన్నిటిలాగే దీన్ని కూడా శ్రద్ధగా ఆలోచించాడు. "ఏమీ వినిపించదు టీచర్. నిద్రపోతాను కదా."

అంత హాయిగా నిద్రపోయే పిల్ల దాక్కుని బతికేవాళ్ళ ఇళ్ళలో ఎక్కడా ఉండదు.

"మంచిది," అంది గరికమ్మ. "ఇవాళ కొత్త పాఠం. ఇదివరకు చెప్పినవి పాత పద్ధతులు. ఇప్పుడు రాళ్ళ మధ్య ఎవరూ ఉండటం లేదు. అందరూ రేగుకంపల నడుమకు పోతున్నారు. కంప ఎంత చిక్కగా ఉంటే లోపల అంత ఎక్కువమంది ఉంటారు."

"మీరు ఇదివరకు దానికి వ్యతిరేకంగా చెప్పారు టీచర్."

"చదువన్నాక మారుతుంది నాన్నా."

"సరే టీచర్," అన్నాడు ఉమ్మెత్త. అయిదాకులు రాల్చాడు.

తక్కిన పిల్లలను కూడా అదే ప్రశ్న అడిగింది. హాయిగా నిద్రపోయేవాళ్ళందరికీ రేగుకంపల పాఠం చెప్పింది.

ఆ పాఠం అంత బాగా పారుతుందని ఆమె అనుకోలేదు. వేటాడే జంతువులకు ముక్కుంది, చెవులున్నాయి. బడికి రాకముందు వాటితోనే బతికాయి. ఇప్పుడు పక్కనే వాసన కొడుతున్నా, పాఠంలో కంప అని ఉంది కదా అని కంపలోకి దూరుతున్నాయి. ఒక అడవిపిల్లి కుందేలు పక్కనుంచి నడిచి వెళ్ళిపోయిందని కంకయ్య చెప్పాడు. కుందేలు చాలాసేపు అవమానంగా ఫీలైందట.

కొన్నాళ్ళకు మైదానంలో పిల్లలు ఎండలో తిరగడం మొదలైంది. నక్కల డొక్కలు లోపలికి పోయాయి.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం ఉమ్మెత్త పాఠానికి వచ్చాడు. గొంతు బొంగురుగా ఉంది.

"టీచర్, మీరు చెప్పినట్టే చేశాను. ముక్కునిండా ముళ్ళు. అమ్మకు కన్ను వాచింది."

గరికమ్మ గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది.

"మొన్న దారిలో మట్టిగడ్డల పక్కన వాసన తెలిసింది టీచర్. బాగా దగ్గరే. అయినా మీరు చెప్పారు కదా అని కంపలోకే వెళ్ళాను. నేను ఎక్కడో తప్పు చేస్తున్నాను. ఇంకోసారి చెప్పండి."

ఆమె చాలామంది పిల్లలకు పాఠాలు చెప్పింది గాని, తన మాటను సొంత ముక్కుకంటే ఎక్కువ నమ్మినవాడు ఇంకొకడు లేడు. తప్పు నీది కాదు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అప్పుడే పొట్టకింద ఏదో కదిలింది. టిక్కుమని ఒక పెంకు పగిలింది. తర్వాత ఇంకొకటి. గరికమ్మ పువ్వుకు రెక్క అడ్డం పెట్టేలోగా సన్నగా కీచుమన్న అరుపు తీగలోకి వెళ్ళిపోయింది.

అవతల నిశ్శబ్దం. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఒకరిది కాదు, ఇద్దరిది.

తర్వాత దూరంగా ఎవరో లేచి వెళ్ళిన అలికిడి అయింది.

"టీచర్," అన్నాడు ఉమ్మెత్త చాలా మెల్లగా. "మీరు కౌజు కదూ."

గరికమ్మ జవాబు చెప్పలేదు. జాతి చెప్పకూడదన్న నియమం గుర్తొచ్చి కాదు, నోరు రాక.

"నాకు ముందే తెలియాల్సింది. అంత బాగా ఇంకెవరికి వస్తుంది," అన్నాడు వాడు. "టీచర్, అమ్మ మద్దిచెట్టు దగ్గరికి వెళ్తోంది. అక్కణ్ణుంచి మీ తీగ పట్టుకుని నడుస్తుందట. పిల్లలు బయటికొచ్చిన పూటే ఆ చోటు వదిలెయ్యాలని మీరే చెప్పారు. పెంకుల వాసన దాగదని చెప్పారు."

"చెప్పాను నాన్నా," అంది గరికమ్మ.

"ఆ పాఠం పాతదేనా, మారిందా?"

"అది మారలేదు."

"అయితే వెళ్ళండి." కాస్త ఆగి అన్నాడు. "నాకు కూడా ఆకలిగానే ఉంది టీచర్. అందుకని ఎటు వెళ్తున్నారో చెప్పకండి."

తీగ అటువైపు కదిలింది. ఎన్ని ఆకులు రాల్చాడో ఆమెకు తెలియదు. గరికమ్మ ముక్కుతో తీగను కొరికి రెండు ముక్కలు చేసింది. ఆమె రాజీనామా అదే.

కౌజుపిల్లలు పుట్టిన పూటే నడుస్తాయి. తడి ఆరీ ఆరకముందే వాటిని వెంటబెట్టుకుని గరికమ్మ, కంకయ్య మైదానం అవతలి వైపున పశువులు తొక్కిన బురదనేలకు వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళిన కాసేపటికి తల్లినక్క తీగ వెంట నడుచుకుంటూ గడ్డిదుబ్బు దగ్గరికి వచ్చింది. ఖాళీ పెంకులు చూసింది. తెగిన తీగ చూసింది. తన ఇంటిల్లిపాదికీ ఇన్నాళ్ళూ వేట నేర్పింది ఎవరో దానికి అప్పుడు అర్థమైంది.

అది సంగతి చెప్పడానికి నేరుగా తంగేడు ఇంటికి వెళ్ళింది. తంగేడు తండ్రి చిరుతపులి. ఆయన చాలా రోజులుగా కంపల్లో దూరి దూరి, మచ్చలకూ గీతలకూ తేడా తెలియకుండా ఉన్నాడు.

ఆ తర్వాతి సంగతులు గరికమ్మకు కంకయ్య చెప్పాడు. అతనికి గోరింకలు చెప్పాయట. డొక్కలు ఎండిన తల్లిదండ్రులందరూ మద్దిచెట్టు కింద చేరారు. సుభాషిణి తీగబడికీ తనకూ ఎన్నడూ సంబంధం లేదని పై కొమ్మ మీంచి ప్రకటించి ఎగిరిపోయింది. కొండముచ్చు మాత్రం కంగారు పడలేదు.

"పాఠంలో లోపం లేదు," అన్నాడు. "మీ పిల్లలు ఇంటి దగ్గర సాధన చెయ్యడం లేదు. దీనికి పై తరగతి కోర్సు ఒకటుంది."

చిరుత చెట్టెక్కడం మొదలుపెట్టాడు. అది ఆయన ఏ బడిలోనూ నేర్చుకోలేదు.

గరికమ్మ ఆ సమయానికి బురదనేల మీద గిట్టల గుంటల మధ్య పిల్లలను రెక్కల కింద పెట్టుకుని ఉంది. గడ్డి చీల్చుకుంటూ ఏదో పెద్ద జంతువు దొర్లుకుంటూ వచ్చి ఆమె పక్కన పడింది. నల్లటి మొహం, పొడుగాటి తోక. ఆమె ఆ మొహాన్ని ఎప్పుడూ చూడలేదు.

"పిట్టమ్మా, పిట్టమ్మా, ఇక్కడ దాక్కునే చోటుందా?" అని అడిగింది ఆ జంతువు.

తియ్యటి, తొందర గొంతు. గరికమ్మ వెంటనే గుర్తుపట్టింది. ఆయన గుర్తుపట్టలేదు. తన పంతుళ్ళలో ఎవరినీ ఆయన కళ్ళతో చూసి ఎరగడు.

"మీరెవరని నేను అడగను," అంది గరికమ్మ. "ఎవరి నుంచి దాక్కోవాలి?"

"చిరుతపులి."

"ఆ మాట కొందరు నొచ్చుకుంటారు. మచ్చల అతిథి అనండి."

"ఏదో ఒకటి, వచ్చేస్తున్నాడు తల్లీ."

రేగుకంప పక్కనే ఉంది. చిక్కగా, పెద్దగా ఉంది. గరికమ్మ దాని వైపు ఒకసారి చూసింది. అటు వెళ్ళమని ఒక్క మాటంటే సరిపోయేది. కానీ కొండముచ్చు చేతులు వణుకుతున్నాయి. దాక్కోవడానికి చోటడిగి వణికేవాళ్ళకు తప్పు చెప్పడం ఆమెకు చేతకాలేదు.

"ఆ పెద్ద గుంటలో బోర్లా పడుకోండి. బురద పూసుకోండి. తోక పొట్టకిందికి లాక్కోండి. గాలి మనవైపు వీస్తోంది, అది మంచిది. ఇక కదలకండి."

"ఈ చోటు చాలా బాగుందమ్మా. ఇక్కడ మనం..."

"మాట్లాడకండి."

కొండముచ్చు పుట్టాక మొదటిసారి నోరు మూసుకున్నాడు.

చిరుత వచ్చాడు. మొదట రేగుకంప దగ్గరికి వెళ్ళి, ఒకసారి కళ్ళు మూసుకుని, లోపలికి దూరాడు. ఎంతైనా చదువుకున్నవాడు. కాసేపటికి బయటికొచ్చి, ఒళ్ళు నాక్కుంటూ గుంట పక్కనుంచే వెళ్ళిపోయాడు. రెక్కకింద ఒక పిల్ల కదలబోతే గరికమ్మ గట్టిగా అదిమింది.

చాలాసేపయ్యాక కొండముచ్చు లేచి బురద దులుపుకున్నాడు. ప్రాణం రాగానే మాట కూడా వచ్చింది.

"పాఠం చాలా బాగుంది," అన్నాడు. "కాస్త కటువుగా ఉంది అంతే. నేనైతే మూడాకులు ఇస్తాను." ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "ఇంత విద్య పెట్టుకుని ఈ బురదలో ఉన్నావేమిటమ్మా? ఏటి అవతలి అడవిలో కొత్త బడి పెడుతున్నాను. ఇంట్లో కూర్చునే ఉద్యోగం. అసలు అక్కడ అందరూ సమానం."

ఏటివైపు చెయ్యి చూపించి, ఎంత పెద్ద అడవో వర్ణించి, మళ్ళీ ఇటు తిరిగేసరికి పిట్ట లేదు. పిల్లలూ లేవు. గుంటలన్నీ వెతికాడు. గడ్డి దులిపి చూశాడు. చివరికి "విద్య వచ్చినవాళ్ళే ఎప్పుడూ దొరకరు" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆయన పాదం గరికమ్మ తలకు జానెడు దూరంలోంచి వెళ్ళింది.

బోలుతీగలు ఎండి రాలిపోయాయి. వేటాడేవాళ్ళు మెల్లమెల్లగా మళ్ళీ ముక్కును నమ్మడం నేర్చుకున్నారు. గరికమ్మ తన పిల్లలను ఎదురుగా నిలబెట్టి పాఠాలు చెబితే అవి ఒక్కటీ వినలేదు, చెబుతుండగానే తలోవైపు పరుగెత్తాయి. వాటిలో ఒక్కటీ ఎందుకు అని అడగలేదు. అప్పుడప్పుడు ఆమెకు ఉమ్మెత్త జ్ఞాపకం వచ్చేవాడు.

ఆ దారిన ఎన్నో నక్కలు వెళ్ళేవి. ఒక్కొక్కటి ఆగి అటూ ఇటూ చూసేది. వాటిలో ఏది ఉమ్మెత్తో ఆమెకు తెలియదు. గొంతు తప్ప ఏమీ తెలియని పిల్లవాడు. అందుకని అన్నిటి నుంచీ ఒకేలా, తనకు వచ్చినంత బాగా దాక్కుంది.

ఇంత కథ విన్నాక ఊరికే పొమ్మంటే బాగుండదు కాబట్టి ఒక మాట: మంచి శిష్యుడు దొరకడం పంతులమ్మ అదృష్టం, ఆ శిష్యుడికి పంతులమ్మ దొరక్కపోవడం అంతకంటే పెద్ద అదృష్టం.